శబ్దం వినిపిస్తుంది, మాట అందదు

వయసు మీద పడినవారిలో చాలామంది తమ వినికిడి గురించి చెప్పే మాట ఒకటే: ఎదుటివారు మాట్లాడుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది గాని, ఏమంటున్నారో పోల్చుకోలేకపోతున్నామని. ఇంట్లోవారికి ఈ మాట నమ్మశక్యంగా ఉండదు. పక్క గదిలో గిన్నె కిందపడితే ఉలిక్కిపడే మనిషికి ఎదురుగా కూర్చుని అడిగిన ప్రశ్న ఎందుకు వినబడదన్నది వారి సందేహం. దాంతో ఆ లోపాన్ని పరధ్యానంగానో, మొండితనంగానో జమకట్టడం, గొంతు పెంచి అరవడం, చివరికి విసుక్కోవడం ఇళ్లలో పరిపాటి అయింది. చెవుడు అంటే శబ్దం తగ్గిపోవడమేననే భావన ఈ అపార్థానికి మూలం. వినికిడి లోపం చాలా సందర్భాల్లో శబ్దాన్నంతటినీ సమానంగా తగ్గించదు; శబ్దాలలో కొన్నింటిని మాత్రమే తొలగించి, మిగిలినవాటిని ఉన్నవి ఉన్నట్టుగా వదిలేస్తుంది. దాన్ని గుర్తించడం ఆలస్యం కావడానికీ, గట్టిగా మాట్లాడినంత మాత్రాన అది తీరకపోవడానికీ కారణం ఇదే.

తెలుగు మాటను ధ్వనిపరంగా విడదీసి చూస్తే ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. ధ్వని స్థాయిని హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అనే లెక్కలో కొలుస్తారు. ఆరోగ్యవంతమైన యువకుల చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు గ్రహించగలదు. అచ్చులు బలమైన ధ్వనులు, వాటి శక్తిలో ఎక్కువ భాగం కింది స్థాయిలోనే ఉంటుంది. క, చ, ట, త, ప, స వంటి శ్వాస హల్లులు బలహీనమైనవి. వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసే గుర్తులు చాలావరకు 2,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటాయి, సకారం శక్తి అయితే 4,000 హెర్ట్జ్‌లను కూడా దాటిపోతుంది. పాలు, కాలు, తాలు, చాలు అనే నాలుగు మాటలకూ తేడా మొదటి హల్లు ఒక్కటే కాబట్టి, పై స్థాయి వినికిడి దెబ్బతిన్న మనిషికి ఆ నాలుగింటిలోనూ మిగతా భాగమంతా స్పష్టంగానే వినిపిస్తుంది, అసలు మాటేదో మాత్రం సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసి వస్తుంది. అరిచినప్పుడు పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే గనుక, ఆ అరుపు చెవికి బాధ కలిగిస్తుందే తప్ప పోయిన హల్లును తెచ్చిపెట్టదు.

ఈ సమస్య ఎంత విస్తృతమో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక తెలియజేస్తుంది. దాని అంచనా ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక మేరకు వినికిడి లోపంతో జీవిస్తున్నారు. వారిలో చికిత్సగానీ యంత్రంగానీ శిక్షణగానీ అవసరమైనవారు సుమారు 43 కోట్లు, అది 2050 నాటికి 70 కోట్లకు చేరవచ్చు. పిల్లల్లో కలిగే వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం నివారించదగిన కారణాల వల్లనే కలుగుతున్నాయని కూడా అదే సంస్థ చెబుతోంది. అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచించవలసిన అంకె ఇదే.

నివారణకూ చికిత్సకూ ఉన్న అవకాశాలు చెవి నిర్మాణాన్ని బట్టి ఉంటాయి. చెవిదొప్ప నుంచి లోపలికి సుమారు రెండున్నర సెంటీమీటర్ల కాలువ, దాని చివర కర్ణభేరి అనే పలుచని పొర, ఆ పొర వెనక గాలితో నిండిన మధ్య చెవి ఉంటాయి. మధ్య చెవిలో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకలు గొలుసుగా అమరి ఉంటాయి. వీటిలో చివరిది సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుతో మానవ శరీరంలోనే అతి చిన్న ఎముక. గాలిలోని శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది కాబట్టి, విశాలమైన కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని ఈ ఎముకలు చాలా చిన్న ద్వారం మీద కేంద్రీకరించి, లోపలి చెవిలోని ద్రవాన్ని కదిలించగలుగుతాయి. ఆ ద్రవం ఉండేది కర్ణావర్తంలో. నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన ఈ గొట్టం మొదట్లో పై స్థాయి శబ్దాలు, లోపలి కొనలో కింది స్థాయి శబ్దాలు గ్రహింపబడతాయి. ఒక్కో శబ్దానికి అక్కడి పొర ఒక్కో చోట ఎక్కువగా ఊగుతుందని ప్రయోగాలతో చూపినందుకే హంగరీలో పుట్టిన శాస్త్రవేత్త గియోర్గ్ ఫాన్ బెకెసీకి 1961లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ పొర మీద సన్నని రోమాల్లాంటి కొసలున్న కణాలు ఒక్కో చెవిలో దాదాపు 15 వేలు ఉంటాయి. వాటిని రోమకణాలు అంటారు. లోపలి వరుసలోని సుమారు 3,500 కణాలు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి శ్రవణ నాడికి అందజేస్తే, బయటి వరుసల్లోని సుమారు 12,000 కణాలు చిన్న శబ్దాన్ని పెంచుతూ, పక్కపక్కనే ఉన్న ధ్వనులను విడదీసి చూపుతూ సాయపడతాయి. కంటిలో కోట్లకొద్దీ గ్రాహక కణాలుండగా చెవి ఈ కొన్ని వేలతోనే జీవితమంతా నెట్టుకురావాలి. పక్షుల్లోనూ చేపల్లోనూ చనిపోయిన రోమకణాల చోట కొత్తవి పుడతాయి, మనిషిలో పుట్టవు.

కాబట్టి లోపం ఎక్కడ ఉన్నదన్నదే మొదట తేల్చవలసిన విషయం. బయటి చెవిలోగానీ మధ్య చెవిలోగానీ శబ్దానికి దారి అడ్డగిస్తే దాన్ని వాహక లోపం అంటారు. రోమకణాలో శ్రవణ నాడో దెబ్బతింటే అది నాడీ సంబంధ లోపం. రెండూ కలిసి ఉండడమూ అరుదు కాదు. పుట్టిన తర్వాత తీవ్రమైన కామెర్లు సోకిన కొందరు శిశువుల్లో రోమకణాలు పనిచేస్తున్నా సంకేతాలు ఒక వరుసలో మెదడుకు చేరని మరొక స్థితి కూడా ఉంది, అక్కడ శబ్దం తెలిసినా మాట విడివడదు.

ఈ భేదాన్ని తేల్చే ప్రధాన పరీక్ష ఆడియోమెట్రీ. బయటి శబ్దం లోపలికి రాని గదిలో, 250 నుంచి 8,000 హెర్ట్జ్‌ల వరకు వేర్వేరు స్థాయిల్లో, మనిషి వినగల అతి తక్కువ శబ్దాన్ని డెసిబెళ్లలో కొలిచి గీసే పటాన్ని ఆడియోగ్రామ్ అంటారు. హెడ్‌ఫోన్ ద్వారా ఒకసారి, చెవి వెనక ఎముక మీద ఆనించిన పరికరం ద్వారా మరొకసారి పరీక్షిస్తారు. ఎముక ద్వారా బాగా వినిపించి గాలి ద్వారా వినిపించకపోతే లోపం వాహక భాగంలో ఉన్నదన్నమాట. డెసిబెల్ సంవర్గమాన కొలమానం గనుక ప్రతి పదికీ శబ్దశక్తి పదిరెట్లు పెరుగుతుంది, అంటే 60కీ 70కీ మధ్య తేడా అంకెల్లో కనిపించేంత చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 20 డెసిబెళ్ల లోపు వినగలిగితే సాధారణం, 20 నుంచి 35 స్వల్పం, 35 నుంచి 50 మధ్యస్థం, 65 దాటితే తీవ్రం, 80 దాటితే అతి తీవ్రం. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెళ్ల లోపం ఉన్నవారిని బధిరులుగా, 60 నుంచి 70 వరకు ఉన్నవారిని వినికిడి మందగించినవారుగా గుర్తిస్తుంది. చట్టం గీసిన ఈ గీతకు చాలా కిందనే ఉండి, తరగతి గదిలో సగం పాఠం అందని పిల్లలు అనేకమంది ఉన్నారన్నది మరువరాదు. సర్టిఫికెట్‌కు అర్హత లేకపోవడాన్ని లోపం లేకపోవడంగా తల్లిదండ్రులు అర్థం చేసుకోవడం ఆ పిల్లలకు నష్టం చేస్తోంది.

వాహక లోపాల్లో చాలావాటికి పూర్తి చికిత్స ఉంది. గులిమి గట్టిపడి కాలువను మూసివేయడం వీటిలో అతి సామాన్యమైనది. పిన్నీసులతో, అగ్గిపుల్లలతో, దూదిపుల్లలతో దాన్ని తీయబోతే అది ఇంకా లోపలికి పోతుంది, కర్ణభేరికి గాయం కావచ్చు. పిల్లల్లో మధ్య చెవిని గొంతుతో కలిపే నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు, తరచూ చీము కారడం మొదలవుతాయి. చెవి కారడం పిల్లల్లో మామూలేనని వదిలేయడం, లేదా వెల్లుల్లి వేసి కాచిన నూనెను చెవిలో పోయడం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ కనిపించే అలవాట్లు. కర్ణభేరికి చిల్లుపడి ఉంటే ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి పోయి వ్యాధిని పెంచుతుంది. కొన్ని రకాల చీము ఎముకను తొలుచుకుంటూ పోయి, ముఖ పక్షవాతానికీ మెదడు పొరల వాపుకూ కూడా దారితీయగలదు. సకాలంలో ఈఎన్‌టీ వైద్యులకు చూపిస్తే మందులతో చీమును ఆపి, చిల్లును శస్త్రచికిత్సతో పూడ్చవచ్చు. కర్ణాంతరాస్థి బిగుసుకుపోయే ఆటోస్క్లెరోసిస్ అనే వ్యాధిలో, ఆ చిన్న ఎముక స్థానంలో కృత్రిమ ముక్కను అమర్చే శస్త్రచికిత్సను 1956లో అమెరికాలో జాన్ షే విజయవంతంగా చేశాడు. నేడు అది మన నగరాల్లోనూ జరుగుతోంది.

నాడీ సంబంధ లోపాల విషయం వేరు. పోయిన రోమకణాలు తిరిగి రావు కాబట్టి అక్కడ నివారణకు ఉన్నంత విలువ దేనికీ లేదు, నివారించగలిగినవాటిలో మొదటిది పెద్ద శబ్దం. గాలికి ఒరిగిన వరిపైరు గాలి తగ్గాక మళ్లీ నిలబడినట్టే, ఒక రాత్రి హోరులో ఉన్న చెవి మరునాటికి కోలుకున్నట్టు కనిపిస్తుంది. గాలివాన మళ్లీమళ్లీ వస్తే పైరు నేలకు అంటుకుపోయినట్టే రోమాలు కూడా విరిగిపోతాయి. వృత్తి ఆరోగ్య నిపుణులు 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగానికి తగ్గాలి, 100 డెసిబెళ్లకు చేరేసరికి అది పావుగంటకు కుదించుకుపోతుంది. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, సింగరేణి గనుల్లో, ఊరూరి రైస్ మిల్లుల్లో పనిచేసేవారికి ఈ లెక్క జీవనోపాధికి సంబంధించినది. చవకగా దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు వారికి చేరకపోవడం విచారించవలసిన విషయం. ఊరేగింపుల్లో డీజే పెట్టెల ముందు గంటల తరబడి నిలబడే యువకులకు ఆ ఉపాధి కారణం కూడా లేదు. దేశంలో 2000 నుంచి అమలులో ఉన్న శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితిని విధించి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లను నిషేధించినా, వాటి అమలు పండుగ వేళ సడలిపోతోంది. శబ్దం వల్ల కలిగే లోపం ఆడియోగ్రామ్‌లో మొదట 4,000 హెర్ట్జ్‌ల దగ్గర చిన్న లోయగా కనిపిస్తుంది. అప్పటికి మనిషికి చెవిలో హోరు తప్ప ఇబ్బందేమీ తెలియకపోవచ్చు.

మందుల సంగతి కూడా తెలుసుకోవలసినదే. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి సూది మందులు, కేన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ రోమకణాలను దెబ్బతీయగలవు. ప్రాణం నిలబెట్టే ఈ మందులను మానేయమని దీని అర్థం కాదు, వాటిని వాడే కాలంలో వినికిడిని పరీక్షిస్తూ ఉండాలి. తల్లి నుంచి సంక్రమించే ఒక జన్యుమార్పు ఉన్న కుటుంబాల్లో మామూలు మోతాదు జెంటామైసిన్ కూడా చెవుడు తెస్తుంది గనుక, మేనమామకో అమ్మమ్మకో సూది మందు తర్వాత వినికిడి పోయిందన్న విషయం వైద్యుడికి చెప్పడం ఎంతో ముఖ్యం. గర్భిణికి రుబెల్లా సోకితే శిశువుకు చెవుడు, కంటి శుక్లం, గుండె జబ్బు కలగవచ్చు. 2017లో మన దేశంలో మొదలైన తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం ఈ దిశగా పెద్ద ముందడుగు.

పుట్టుకతో వచ్చే చెవుడులో జన్యువుల పాత్ర పెద్దది. వాటిలో జీజేబీ2 అనే జన్యువులోని లోపం మన దేశంలోనూ తరచుగా కనిపించేది. ఇటువంటి లోపాలు చాలావరకు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒక్కొక్క ప్రతి వచ్చినప్పుడే బయటపడతాయి, కాబట్టి ఇద్దరూ సరిగా వింటున్నా బిడ్డకు చెవుడు రావచ్చు. మేనరికాలు ఎక్కువగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో, ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన లోపభూయిష్ట జన్యువు భార్యాభర్తలిద్దరిలో ఉండే అవకాశం ఎక్కువ. మేనమామను గానీ మేనత్త కొడుకును గానీ చేసుకున్న ప్రతి ఇంటా ఇది జరుగుతుందని భయపడనవసరం లేదు, కానీ కుటుంబంలో పుట్టు చెవిటివారు ఉంటే పెళ్లికి ముందే జన్యు సలహా తీసుకోవడం మంచిది. చెవిటి బిడ్డ పుట్టినప్పుడు తల్లిని నిందించే సంప్రదాయానికి శాస్త్రంలో ఆధారమే లేదని కూడా ఈ వివరణ స్పష్టం చేస్తుంది.

ఒకటి రెండు రోజుల్లో, సాధారణంగా ఒక్క చెవిలో, వినికిడి హఠాత్తుగా పడిపోవడం మాత్రం అత్యవసర స్థితి. గులిమి అడ్డుపడిందనో, జలుబనో, చెవిలో నీళ్లు పోయాయనో అనుకుని వారాల తరబడి వేచి చూస్తే అవకాశం చేజారుతుంది. 72 గంటల్లోపు కలిగే ఈ లోపానికి స్టెరాయిడ్ చికిత్స తొలి రోజుల్లో మొదలైతే ఫలితం ఉండే అవకాశం ఎక్కువ, రెండు వారాలు దాటిన కొద్దీ అది క్షీణిస్తుంది.

శిశువుల విషయంలో కాలం విలువ ఇంకా ఎక్కువ. మాటలు నేర్చే మెదడు భాగం శబ్దం అందితేనే రూపుదిద్దుకుంటుంది. అందకపోతే ఆ భాగం చూపు వంటి ఇతర పనులకు మళ్లిపోతుంది. లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం పొందిన పిల్లల మెదడు స్పందనలను పరిశీలించిన పరిశోధకులు, మూడున్నరేళ్ల లోపు అమర్చినవారిలో ఆ స్పందనలు సాధారణ స్థాయికి చేరుతున్నాయనీ, ఏడేళ్లు దాటాక అమర్చినవారిలో చాలావరకు చేరడం లేదనీ గుర్తించారు. అందుకే బిడ్డ పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స ప్రారంభం అనే క్రమాన్ని ప్రపంచమంతటా ఆదర్శంగా పెట్టుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న రోమకణాలు తామే అతి చిన్న ధ్వనిని వెనక్కి పంపుతాయని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ కనుగొన్న విషయం ఆధారంగా రూపొందిన ఓఏఈ పరీక్ష, నిద్రపోతున్న శిశువుకు నొప్పి లేకుండా కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లలకు నాడి స్పందనను కొలిచే బెరా పరీక్ష కూడా అవసరం. ఇంట్లో చప్పట్లు కొట్టి చూడడం పరీక్ష కాజాలదు, ఎందుకంటే బిడ్డ గాలి తాకిడికో నీడ కదలికకో తల తిప్పవచ్చు. "మగపిల్లలకు మాటలు ఆలస్యం, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అనే పెద్దల ఓదార్పు వల్ల పోయిన సంవత్సరాలు తిరిగి రావు.

లోపం అతి తీవ్రమై వినికిడి యంత్రం సరిపోనప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ అవసరమవుతుంది. చెవి బయట ఉండే ప్రాసెసర్ శబ్దాన్ని సంకేతాలుగా మార్చి చర్మం కింది భాగానికి పంపితే, కర్ణావర్తంలోకి చొప్పించిన సన్నని తీగ మీది 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు రోమకణాలను దాటవేసి నాడిని నేరుగా ప్రేరేపిస్తాయి. పారిస్‌లో 1957లో జూర్నో, ఎరియే మొదలుపెట్టిన ఈ ప్రయత్నం, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ అమర్చిన బహుళ ఎలక్ట్రోడ్ల పరికరంతో మాటను అర్థం చేసుకోగల దశకు చేరింది. లక్షల్లో ఖరీదు చేసే ఈ పరికరాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పరిధిలోకి తేవడం వల్ల ఎందరో పేద పిల్లలకు అది అందింది. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద కూడా అర్హులైన పిల్లలకు సాయం ఉంది. అయితే ఆపరేషన్ ఆరంభం మాత్రమే. కొన్ని వారాల తర్వాత పరికరాన్ని స్విచాన్ చేసి, ఒక్కో ఎలక్ట్రోడ్‌కు తగిన విద్యుత్ మోతాదును సరిచేస్తూ, కనీసం ఏడాది రెండేళ్లపాటు వినడం, మాట్లాడడం నేర్పాలి. పల్లె నుంచి పట్నానికి వారం వారం తిప్పలేక కుటుంబాలు ఈ శిక్షణను మధ్యలో మానుకోవడం, తర్వాత ప్రాసెసర్ చెడిపోతే మరమ్మతుకు డబ్బు లేక మూలన పడేయడం ఇంప్లాంట్ పథకాల్లో అతి బలహీనమైన చోటు. శిక్షణ ఇచ్చే నిపుణులు జిల్లా కేంద్రాల్లో ఉంటేనే ఆపరేషన్‌కు పెట్టిన ఖర్చు ఫలిస్తుంది. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం పరీక్షలతో పాటు అటువంటి నిపుణుల శిక్షణను కూడా నిర్వహిస్తోంది. ఇక జన్యు చికిత్స విషయానికి వస్తే, ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ లోపంతో పుట్టిన కొందరు పిల్లలకు చైనాలో ఆ జన్యువును లోపలి చెవిలోకి పంపి వినికిడి తెప్పించిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఆ ఒక్క కారణానికే పరిమితమైనా ఇది నిజమైన ఆశ.

యంత్రమూ ఇంప్లాంటూ లేకుండానే సంపూర్ణ జీవితం గడుపుతున్న బధిరులు ఉన్నారన్నది కూడా ఇక్కడ చెప్పవలసిందే. సంజ్ఞా భాష మూగసైగల సమాహారం కాదని, సొంత వ్యాకరణం గల భాష అని 1960లో భాషావేత్త విలియం స్టోకో నిరూపించాడు. అంతకు ముందు, 1880లో మిలాన్‌లో సమావేశమైన బధిర విద్యావేత్తలు బడుల్లో దాన్ని వెలివేయాలని తీర్మానించడంతో కొన్ని తరాల పిల్లలు భాషే లేకుండా పెరిగారు. మన దేశంలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల పదాల నిఘంటువును తయారుచేసింది. సంజ్ఞలు నేర్పితే మాట రాదన్న భయంతో బిడ్డను రెండింటికీ దూరం చేయడం కంటే, ఇంప్లాంట్ కోసం ఎదురుచూసే కాలంలోనైనా సైగలతో భాషను అందించడం మేలు.

పెద్దవారి విషయంలో ప్రధాన సాధనం వినికిడి యంత్రమే. నేటి డిజిటల్ యంత్రం శబ్దాన్నంతా ఒకే విధంగా పెంచదు. ఆడియోగ్రామ్‌ను అనుసరించి ఏ స్థాయిలో ఎంత లోపముందో అంతే పెంచి, పెద్ద శబ్దాన్ని బాధించకుండా అణచిపెడుతుంది. అందుకే పరీక్ష లేకుండా అంగట్లోనో ఆన్‌లైన్‌లోనో కొనే చవక చెవి మిషన్లు, అచ్చులనూ ఫ్యాను మోతనూ కలిపి పెంచి విసుగు పుట్టించి, యంత్రాలే పనికిరావన్న అభిప్రాయాన్ని మిగులుస్తాయి. సరైన యంత్రం పెట్టినా మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు, తన అడుగుల సవ్వడి కూడా భరించలేనట్టు అనిపిస్తాయి. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడుకు ఏది ముఖ్యమో మళ్లీ తెలియాలి కాబట్టి, రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, ఆడియాలజిస్ట్ దగ్గరకు రెండు మూడుసార్లు వెళ్లి సర్దించుకోవాలి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమట తేమ యంత్రాన్ని త్వరగా పాడుచేస్తుంది. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచితే అది ఎక్కువకాలం మన్నుతుంది.

యంత్రం పెట్టుకోవడంలో చేసే ఆలస్యానికి మరొక మూల్యం ఉంది. మధ్యవయసులో పట్టించుకోని వినికిడి లోపాన్ని, మతిమరుపు వ్యాధికి దారితీసే మార్చదగిన కారణాల్లో ఒకటిగా లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ గుర్తించింది. అమెరికాలో 977 మంది వృద్ధుల మీద జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, మొత్తం మీద యంత్రం పెట్టుకున్నవారికీ పెట్టుకోనివారికీ మూడేళ్లలో జ్ఞాపకశక్తిలో తేడా కనిపించలేదు, కానీ ఇతర ముప్పులు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం క్షీణత దాదాపు సగానికి తగ్గింది. యంత్రం మతిమరుపును ఆపుతుందని ప్రకటించుకునే వ్యాపారులకు ఈ ఫలితం అంత ఆధారమివ్వదు. అయినా సంభాషణ నుంచి తప్పుకున్న మనిషి క్రమంగా పెళ్లిళ్లకూ గుడికీ ఇరుగుపొరుగుకూ దూరమై ఒంటరి అవుతాడన్నది అధ్యయనం లేకుండానే కనిపించే సత్యం.

ఆ ఒంటరితనాన్ని తగ్గించడంలో ఇంటివారు చేయగలిగింది చాలా ఉంది. ముఖం కనిపించేలా, వెలుతురు తమ మీద పడేలా, ఒక గజం దూరంలో నిలబడి మాట్లాడాలి. పెదవుల కదలిక చూడడం వల్ల ప, త, క ల తేడా చెవికి అందకపోయినా కంటికి తెలుస్తుంది. మాట్లాడే ముందు పేరు పెట్టి పిలిచి, టీవీ ఆపి, నిదానంగా చెప్పి, అర్థం కానప్పుడు అదే మాటను మళ్లీ అరవడానికి బదులు వేరే మాటల్లో చెప్పాలి. విషయం మారిందన్న సంగతి ముందే తెలియజేస్తే ఊహకు ఆధారం దొరుకుతుంది. పెళ్లి భోజనాల దగ్గర అటువంటివారిని మైకు పెట్టెలకు దూరంగా, గోడకు వీపు ఆనేలా, బాగా వినిపించే చెవి మాట్లాడేవారి వైపు ఉండేలా కూర్చోబెట్టాలి. బడిలో ఉపాధ్యాయుని మెడలో వేసుకునే చిన్న వైర్‌లెస్ మైకు, గొంతును నేరుగా విద్యార్థి యంత్రంలోకి పంపి, ముప్పై మంది పిల్లల గోలను దాటిస్తుంది.